కడిగిన షెడ్ల నుంచి కొల్లేరు గట్టు దాకా

గుప్పెడు కోడిపెంట కోసం కర్నూలు నుంచి కొల్లేరు దాకా వెళ్ళివచ్చానని చెబితే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. వెళ్ళినది కార్తీక మాసం కావడంతో, గోదావరి స్నానానికి పోయి ఆ సంగతి దాస్తున్నానని పక్కింటావిడ తీర్మానించింది. ఆవిడ కోసమూ, ఆ ప్రాంతం చూడని మరికొందరి కోసమూ జరిగింది జరిగినట్లు రాస్తున్నాను. ప్రయాణంలో ఏ రోజు సంగతి ఆ రోజే రాసుకునే అలవాటు నాకు ఉద్యోగం మొదలైన నాటి నుంచీ ఉంది. కనుక ఇందులో ఊహించి చేర్చినది లేదు.

నేను పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల పాఠం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. నా శిష్యురాలు సుకన్య హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో కోళ్ళ రక్త పారుడు వ్యాధికి టీకా కోసం పనిచేస్తున్నది. ఈ వ్యాధి తెచ్చే క్రిమి కోడి పేగు గోడలో పెరిగి, దాన్ని చీల్చుకుని పెంటతో బయటికి వస్తుంది. అప్పుడు దాని చుట్టూ గట్టి పెంకు ఉంటుంది. సులువు కోసం దాన్ని గుడ్డు అంటాను. షెడ్డులో నేల మీద పరిచిన ఊక తడిగా, వెచ్చగా ఉంటే ఆ గుడ్డు ముదురుతుంది. మరో కోడి దాన్ని గింజతో పాటు ఏరుకు తింటుంది. కథ మళ్ళీ మొదలు.

టీకా తయారు చేయాలంటే ఆ క్రిమిలో దేనిని చూసి శత్రువని గుర్తుపట్టాలో కోడిపిల్ల దేహానికి నేర్పాలి. సుకన్య అలాంటి లక్ష్యాలు రెండింటిని పట్టుకుంది. ఒకటి క్రిమి ఒంటి పైనుండే మాంసకృత్తు. రెండవది అది పేగు కణంలోకి దూరేటప్పుడు పట్టు కోసం వాడుకునేది. ముందుకు తీసుకుపోవడానికి పరిశోధనశాల సంఘం ఒక్కదానికే అనుమతి ఇస్తుంది. వేసవిలోపు ఏదో తేల్చాలి. ప్రయోగశాలలో మొదటిదే బాగా పనిచేసింది కనుక సుకన్య మనసు దాని మీదే ఉంది.

నాకు కోపం వచ్చింది. "దొంగను చొక్కాను బట్టి గుర్తుపెట్టుకుంటే మర్నాడు వాడు చొక్కా మార్చుకుంటాడు. నడకను బట్టి గుర్తుపెట్టుకో," అన్నాను. "నువ్వు చూస్తున్నది ఏళ్ళ తరబడి సీసాల్లోనూ బోనుల్లోనూ ముద్దుగా పెంచుకున్న క్రిమిని. మందులు తిని తిని ముదిరిన షెడ్డు క్రిమి ఏ చొక్కా వేసుకుని తిరుగుతున్నదో నీకేం తెలుసు?"

"తెలియదు మేడమ్. బయటి నమూనా తెచ్చిపెట్టే మనిషి మాకు లేరు," అంది సుకన్య.

ఒక దేశపు కోళ్ళ రోగం మీద పరిశోధన చేసేవారికి కోళ్ళ షెడ్డుకు పోయే దారి లేకపోవడం ఏమిటో నాకు నేటికీ అర్థం కాలేదు. నేను వెళ్తానన్నాను.

ఏలూరు

రైలు దిగేసరికి ఊరంతా నీళ్ళ వాసన. మా కర్నూలులో నది ఉన్నా అది ఊరి పక్కన ఉంటుంది. ఇక్కడ కాలువ ఊరి మధ్యలోంచి, దుకాణాల వెనకనుంచి, ఇళ్ళ మెట్ల కిందనుంచి పోతుంది. కృష్ణ నీరూ గోదావరి నీరూ ఈ ఊళ్ళోనే కలుస్తాయని రిక్షా అతను ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకు అలవాటు పడడానికి నాకు ఒక పూట పట్టింది. మా వైపు మాట గట్టిగానూ పొట్టిగానూ ఉంటుంది. ఇక్కడ ఇడ్లీ లేదని చెప్పడానికి కూడా, "ఏమీ అనుకోకండీ, అయిపోయాయండీ, పెసరట్టు వేయించమంటారాండీ?" అని మూడు మెట్లు దిగివస్తారు. పెసరట్టూ అల్లం పచ్చడీ కలిపి పది రూపాయలు. పచ్చడిలో బెల్లం ఎక్కువైంది.

సుకన్య మేనమామ వెంకటరత్నం గారు అక్కడ కోళ్ళ దాణా వ్యాపారం చేస్తారు. తెల్ల చొక్కా, జేబులో సెల్‌ఫోను, ఎవరు ఎదురైనా చేతులు జోడించే అలవాటు. నాకు షెడ్లు చూపించే బాధ్యత ఆయనే తీసుకున్నారు. ఒక షెడ్డు రోగం మరో షెడ్డుకు మోయకూడదు కనుక, షెడ్డుకో జత చొప్పున రబ్బరు చెప్పులు కొన్నాను.

"చెప్పుల కొట్టు పెడుతున్నారాండీ మేడమ్ గారూ?" అన్నారాయన సంచి మోస్తూ.

"మీ దాణా బండి మనుషులు షెడ్డు షెడ్డుకూ ఒకే చెప్పులతో తిరగకపోతే నాకు ఈ ఖర్చు ఉండేది కాదు," అన్నాను. ఆయన నవ్వేశారు.

ఊరి బయట మొదటి షెడ్డు చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. నేల అద్దంలా ఉంది. గోడలకు కొత్త సున్నం. ఊక లేదు, పెంట లేదు, ఒక్క ఈక కూడా లేదు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఉతికిన తువ్వాలు.

యజమాని ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. "మీరొస్తున్నారని వెంకటరత్నం గారు ఫోను చేశారండీ. నిన్నంతా మనుషుల్ని పెట్టి కడిగించామండీ. పగుళ్ళల్లో మంటగన్ను కూడా పట్టించామండీ."

కార్తీకంలో మాంసం తినేవారు తక్కువ కనుక ఈ ప్రాంతంలో చాలామంది ఆ నెలకు ముందే కోళ్ళను అమ్మేసి షెడ్డు ఖాళీగా ఉంచుతారు. కోళ్ళు వెళ్ళినా పెంట ఉంటుంది కదా అనుకుని ఆ సమయం నేనే ఎంచుకున్నాను. ఇంకా కడగడానికి వారం పది రోజులు ఆగుతారని వెంకటరత్నం గారే చెప్పారు. నేను వస్తున్నానని తెలియడంతో ఆగలేదు.

"నేను చూడవలసింది ఆ పెంటనేనండీ," అన్నాను.

"అయ్యో, పెద్దవారు, అందులోనూ ఆడవారు. పెంటలోకి ఎలా రానిస్తామండీ?" అన్నాడాయన, నిజంగా నొచ్చుకుని.

మా వైపు అతిథికి చెంబుడు నీళ్ళిస్తే అది గౌరవం. ఎండాకాలమైతే పెద్ద గౌరవం. ఇక్కడ మోటారు వేస్తే కాలువ నీరు వచ్చిపడుతుంది, అతిథి కోసం షెడ్డునే కడిగేస్తారు. గోడ మూలలో గీకి తీసిన మట్టిని లాడ్జికి తెచ్చి, వెంట తెచ్చుకున్న చిన్న సూక్ష్మదర్శిని కింద చూశాను. మంటకు మాడి ముడుచుకుపోయిన పెంకులు తప్ప ఏమీ లేవు.

నా ఆశంతా ఉంగుటూరు షెడ్డు మీదకు మళ్ళింది. దాణాలో మందు కలుపుతున్నా బ్యాచి తరవాత బ్యాచి రక్త పారుడుతో పోయిన షెడ్డు అది. నాకు కావలసిన మొండి క్రిమి అక్కడే ఉండాలి. అక్కడ ఏమీ కడగవద్దని నా ఎదుటే ఫోను చేయమన్నాను. వెంకటరత్నం గారు చేశారు. "మార్తమ్మ గారూ, మేడమ్ గారు రేపొస్తున్నారండీ. మీరేమీ శ్రమ పడొద్దంటున్నారండీ. కడగడాలూ అవీ ఏమీ పెట్టుకోవద్దని మరీ మరీ చెప్పమన్నారండీ."

ఫోను పెట్టేసి, "చెప్పేశానండీ," అన్నారు తృప్తిగా. నేనూ తృప్తి పడ్డాను.

ఉంగుటూరు

బస్సు దిగితే రెండు వైపులా కోతకు వచ్చిన వరి. ఆకాశంలో మబ్బు ఉంది. తుఫాను పడితే చేను పడిపోతుందని దారిలో ప్రతి ఒక్కరూ అదే మాట. మా వైపు మబ్బు కోసం ఎదురుచూస్తాము. వీళ్ళు దాన్ని చూసి భయపడుతున్నారు.

మార్తమ్మకు నలభై అయిదు దాటి ఉంటాయి. భర్త ఆర్టీసీలో కండక్టరు, వారంలో నాలుగు రోజులు ఇంట ఉండడు. షెడ్డు పని అంతా ఆమెదే. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక షెడ్డు కనిపించింది. ఏలూరు షెడ్డుకు సున్నం మాత్రమే వేశారు. ఇక్కడ సున్నం వేసి, బ్లీచింగ్ చల్లి, మళ్ళీ కడిగి, దారి పొడవునా ఇసుక పోశారు. కుర్చీ పక్కన కొబ్బరి బొండం.

"కడగవద్దని ఫోనులో చెప్పించాను కదమ్మా," అన్నాను.

"చెప్పారండీ," అంది మార్తమ్మ. "పెద్దవాళ్ళు అలాగే అంటారు కదండీ. శ్రమ పడొద్దన్నారు కదాని ఊరుకుంటే మమ్మల్ని ఏమనుకుంటారండీ? అందుకే రెండుసార్లు కడిగామండీ."

అప్పుడు తెలిసింది నాకు. ఇక్కడ అతిథి ఏమీ వద్దంటే, ఇంకాస్త చేయమని అర్థం. భోజనానికి పిలిస్తే మొదట కాదనాలి, రెండవసారి కాదనాలి, మూడవసారి కూర్చోవాలి. నేను ఎంత గట్టిగా వద్దన్నానో వెంకటరత్నం గారు అంత గట్టిగానూ చెప్పారు. ఆమె అంత గట్టిగానూ కడిగింది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆయన మీద తెచ్చుకున్నాను.

"మీరు మళ్ళీ నా తరఫున ఎవరికీ ఫోను చేయవద్దు," అన్నాను.

"అలాగేనండీ," అన్నారాయన. ఆ మాట కూడా మర్యాదకే అన్నారేమోనని నాకు అనుమానం.

సంగతి వివరించి చెప్పాక మార్తమ్మ కొబ్బరి బొండం కొట్టి నా చేతికిచ్చింది. తరవాత తన సంగతి చెప్పింది. మూడు బ్యాచులు వరసగా దెబ్బతిన్నాయి. పిల్లలు మూడో వారంలో ముడుచుకుని కూర్చుంటాయి, ఊక మీద ఎర్రగా పడుతుంది, తెల్లారేసరికి పోతాయి. పక్క చేను వాళ్ళు చేపల చెరువుకు ఇచ్చేశారు. ఆ చెరువు వాళ్ళు ఈమె షెడ్డూ, దాని వెనకున్న చేనూ కూడా కలిపి ఇమ్మంటున్నారు. వేసవికి తవ్వుతారు, ఆ లోపు మాట చెప్పాలి.

"మా ఆయన ఇచ్చేద్దామంటారండీ. కోళ్ళు నీ వల్ల కావడం లేదు కదా అంటారండీ. తవ్వేశాక ఇంక అది నేల కాదు కదండీ. నాకు తేలడం లేదండీ."

నేను వెదుకుతున్నది ఒక నమూనా. ఆమె వెదుకుతున్నది ఆ షెడ్డును నిలుపుకోవడానికి ఒక ఆధారం. ఈ రెండూ ఒకే పెంటలో ఉన్నాయి, ఆ పెంట లేదు.

"ఎక్కడ పోశారమ్మా?"

"పారబోయలేదండీ, సంచుల్లో కట్టి నిన్న రాత్రికి రాత్రే తాడేపల్లిగూడెం బ్రోకరు లారీకి వేశామండీ. చేపల చెరువులకి పంపుతారండీ. నీళ్ళల్లో వేస్తే నాచు పుట్టి చేపకి మేతవుతుందండీ."

"ఆ సంచులు చూస్తే గుర్తుపట్టగలవా?"

మార్తమ్మ మొదటిసారి నవ్వింది. "మీరే గుర్తుపడతారండీ. చర్చిలో పాత తెరలు తీసేసి కొత్తవి కట్టారండీ. ఆ నీలం గుడ్డ నేను తెచ్చుకుని పేలికలు చేసి మూతులు కట్టానండీ. నీలం ముడి సంచి మాది కాకపోతే ఇంకెవరిదీ కాదండీ."

భోజనం చేయకుండా కదలనివ్వలేదు. గోంగూర, పచ్చిరొయ్యలు, ముద్దపప్పు, మళ్ళీ అన్నం. మా ఇంట జొన్నరొట్టె ఒకటి తిని లేచే దాన్ని, ఇక్కడ వడ్డించే చేయి ఆగదు. కార్తీకం కనుక వెంకటరత్నం గారు పప్పు మాత్రమే తిన్నారు. నేను రొయ్యలు వడ్డించుకోవడం చూసి కళ్ళు పక్కకు తిప్పుకున్నారు. వద్దు అనే మాటకు అర్థం తెలిసింది కనుక, చాలనిపించినప్పుడు నేను విస్తరి మీద చేయి అడ్డం పెట్టాను. మార్తమ్మ చేతి పక్కనుంచి వడ్డించింది.

తాడేపల్లిగూడెం

ఊళ్ళోకి రాకముందే ఉల్లిపాయల వాసన వస్తుంది. లారీలు, గోనెలు, ఉల్లి పొట్టు గాలికి లేచి బస్సు కిటికీలోకి వస్తున్నది. మా కర్నూలు ఉల్లి కూడా ఇక్కడికి వస్తుందని ఒక హమాలీ చెప్పాడు. రైతుకు మా దగ్గర ఏం ధర ఇస్తారో నాకు తెలుసు, ఇక్కడ ఏం ధరకు అమ్ముతున్నారో చూశాను. ఆ తేడా గురించి వేరే రాయవలసి ఉంది.

బ్రోకరు యార్డు ఊరి చివర. అక్కడ కూడా సంచులే, కాని నీలం ముడి ఒక్కటీ లేదు. బ్రోకరు పొద్దుటి టీ తాగుతున్నంత తీరిగ్గా సాయంత్రం టీ తాగుతున్నాడు.

"ఉంగుటూరు లోడు పొద్దున్నే కలిదిండి పంపేశానండీ," అన్నాడు. "మీకు పెంట కావాలంటే ఇదిగోనండీ, ఎంత కావాలంటే అంత. ఇది మాత్రం కోడిపెంట కాదాండీ?"

ఏ షెడ్డు పెంటో, ఆ కోళ్ళకు ఏ మందు పెట్టారో తెలియని పెంట నాకు పనికిరాదని చెప్పాను. అందరికీ వేళ్ళున్నాయని ఎవరి వేలిముద్రనైనా తీసుకుంటామా అని అడిగాను. అతనికి అది నచ్చింది. చెరువు యజమాని పేరు, వెళ్ళే దారి చెప్పాడు. చెరువులో నీరు పెట్టడం అయిపోయింది కనుక రేపే సంచులు విప్పుతారని కూడా చెప్పాడు.

వెంకటరత్నం గారు అలవాటుగా సెల్‌ఫోను తీశారు.

"మీరు ఫోను చేస్తే ఆయన చెరువు కూడా కడిగించి పెడతాడు," అన్నాను. జేబులో పెట్టేసుకున్నారు.

ఆకివీడు

ఆ రాత్రి ఆకివీడులో బస. పొద్దున్నే రోడ్డు నిండా చేపల లారీలు, ఐసు పలకలు, ఐసు కొట్టే చప్పుడు. లారీ కింద కారే నీటి వెంట పిల్లులు వరసగా నడుస్తున్నాయి. బొచ్చె, శీలావతి చేపల పెట్టెల్లో అడుగున ఐసు, పైన ఐసు. ఇక్కడివారు ఏ వస్తువునైనా చల్లగా ఉంచితే చెడదని నమ్ముతారు. నా సీసాలు చూసి లాడ్జి గుమాస్తా ఐసు పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చాడు.

"అందులో గడ్డకడితే లోపలిది చస్తుంది. నాకు బతికి కావాలి," అన్నాను.

"ఏంటండీ అది, ఆరంజి రసమాండీ?"

నా సీసాల్లో ఉండేది పొటాషియం డైక్రోమేట్ నీళ్ళు. పెంటలోని బూజునూ బాక్టీరియానూ ఎదగనివ్వదు, క్రిమి గుడ్డును మాత్రం చావనివ్వదు. చూడడానికి అచ్చం ఆరంజి రసంలా ఉంటుంది, తాగితే విషం. గుడ్లకు గాలి కావాలి కనుక నమూనా వేశాక మూత బిగించకూడదు. ఎవరూ తాగకుండా సీసాలన్నిటికీ పుర్రె బొమ్మ గీసిన చీటీలు అంటించాను. అది అంటించాక గుమాస్తా నా గది తలుపు వైపు రాలేదు. కాఫీ కూడా కిందనే పెట్టి పిలిచాడు.

పొద్దుటి భోజనమే చేపల పులుసుతో. ముప్పై రూపాయల భోజనంలో పులుసు ఎంత పోసుకున్నా ఏమీ అనరు. వెంకటరత్నం గారు ఎదురుగా మజ్జిగన్నం తింటూ, "కార్తీకం వెళ్ళాక రావలసిందండీ మనం," అన్నారు. ఆ మాట ఎంత దీనంగా అన్నారంటే, ఆయన మీద కోపం అక్కడితో తీరింది.

కలిదిండి

ఆకివీడు దాటాక నేల కనిపించదు. చెరువు, గట్టు, మళ్ళీ చెరువు. గట్ల మీద కొబ్బరి, గట్ల మధ్య ఆటో పట్టేంత దారి. నీటి మీద వరసగా నాటిన వెదురు గడలకు తవుడు సంచులు వేలాడుతుంటాయి, చేపలు కిందనుంచి పొడుచుకుని తింటాయి. కొల్లేరు లోపలి అక్రమ చెరువుల గట్లను పగలగొట్టించిన మరుసటి సంవత్సరం అది. లోపల చెరువులు పోవడంతో బయటి పొలాలకు గిరాకీ పెరిగిందని ఆటో అతను చెప్పాడు. మార్తమ్మ షెడ్డు వెనక చేను దాకా ఆ గిరాకీ ఎలా వచ్చిందో నాకు అక్కడ తెలిసింది.

మేము చేరేసరికి నలుగురు మనుషులు మోకాలి లోతు నీటిలో ఉన్నారు. గట్టు మీది సంచులను ఒకరు దొర్లిస్తే మరొకరు కత్తితో కోసి నీటిలోకి వంపుతున్నారు. నీటి మీద నీలం పేలికలు తేలుతున్నాయి.

"ఆపండి," అని నేను కేకవేశాను. తరగతిలో వాడే గొంతు అది, చాలా ఏళ్ళకు బయటికి వచ్చింది. నలుగురూ ఆగిపోయారు.

తాటాకు పాక నీడలో కూర్చున్న యజమాని, అందరూ రాజు గారనే మనిషి, లేచి వచ్చారు. పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, తలకు తువ్వాలు. విషయం రెండు మాటల్లో చెప్పాను. ఆయన సంచుల గుట్ట చూసి, చివరగా మిగిలిన రెండు నీలం ముడి సంచులను పక్కకు తీయించారు. తరవాత నా చీర చూసి, సంచికి అంటిన బురద చూసి, "ఏరా, రెండు బకెట్లు నీళ్ళు తెచ్చి ఈ సంచులు కడగండ్రా, మేడమ్ గారు ముట్టుకోవాలి," అన్నారు.

"రాజు గారూ," అన్నాను. "దయచేసి ఈ ప్రాంతంలో నా కోసం ఇంకేదీ కడగకండి."

వెంకటరత్నం గారు అటు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను.

ముడి విప్పితే అమోనియా ఘాటుకు కళ్ళు మండాయి. సంచి నడుమ చేయి పెట్టలేనంత వేడి. అలా మగ్గిన చోట గుడ్లు బతకవు. కాని సంచి పక్కలకు, గోనెకు అంటుకుని, గాలి తగిలి, రాత్రి మంచుకు తడిసిన పొర ఉంటుంది. అక్కడి నుంచి చెంచాతో తీశాను. ప్రతి సీసా మీద ఊరు, షెడ్డు, ఊకలో తడి ఎంత, కోళ్ళు వెళ్ళి ఎన్నాళ్ళు, ఏ మందు పెట్టారు అన్నీ రాశాను. రాజు గారి కుర్చీ మీద సూక్ష్మదర్శిని పెట్టి ఒక చుక్క చూశాను.

ఉన్నాయి. గుండ్రని పెంకులు, ఒక్కొక్క దానిలో నాలుగేసి గింజలు, చెక్కు చెదరకుండా.

రాజు గారిని చూడమన్నాను. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. "కుంకుడు కాయలో నాలుగు గింజలు పెట్టినట్టుందండీ. ఇంత చిన్నది అంత కోడిని చంపేస్తుందాండీ?"

"ఒకటి కాదు. కోడి పేగులో దూరి వేలుగా పెరిగి చంపుతుంది."

ఉంగుటూరులో ఒకావిడ ఈ పెంట తీసిన షెడ్డునే చెరువుకు ఇవ్వాలా వద్దా అని చూస్తున్నదని మాటల్లో చెప్పాను. ఆయన పొగాకు చుట్ట తీసి, వెలిగించకుండా వేళ్ళ మధ్య తిప్పారు.

"చేపల్లో లాభం లేదని నేననను మేడమ్ గారూ. ఉంటుందండీ. కానీ తవ్వాక పూడ్చడం ఉండదండీ. మాదీ వరి పొలమేనండీ ఇది. మా నాన్నగారి కాలంలో ఇక్కడ గాదె నిండేదండీ. ఇప్పుడు మేం బియ్యం బస్తా కొట్లో కొంటున్నామండీ. ఆవిడకి ఈ మాట చెప్పండి. ఇవ్వొద్దని నేను చెప్పానని మాత్రం చెప్పకండి, మా వాళ్ళే అడుగుతున్నారేమో ఎవరికి తెలుసు."

వచ్చేటప్పుడు ఆటో గట్టు గుంతలో పడి, మూత వదులుగా ఉన్న సీసా ఒకటి ఒలికి నా తెల్ల చేతిసంచి మీద నారింజ రంగు మరక పడింది. అది నేటికీ పోలేదు. మిగిలిన సీసాలను కైకలూరు మీదుగా ఏలూరు దాకా ఒళ్ళో నిటారుగా పట్టుకుని వచ్చాను. దారిలో కొల్లేరు నీటి మీద గూడబాతులు గుంపుగా ఉన్నాయట. వెంకటరత్నం గారు చూడమన్నారు. నేను సీసాలు చూస్తున్నాను.

మళ్ళీ ఉంగుటూరు

రైలెక్కే ముందు మార్తమ్మ దగ్గరికి వెళ్ళాను. నీలం పేలిక ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను. రాజు గారి మాట ఆయన పేరు లేకుండా చెప్పాను. నా మాటగా ఒకటే చెప్పాను. ఈ సీసాలతో టీకా రేపో ఎల్లుండో రాదు. ఎన్నేళ్ళు పడుతుందో చెప్పేవారు ఉంటే వాళ్ళు అబద్ధమాడుతున్నారు. ఈ లోపల నీళ్ళ తొట్ల చుట్టూ ఊక తడవనివ్వవద్దు, తడిసిన ఊక ఏ రోజుకు ఆ రోజు తీసేయాలి, ఏళ్ళ తరబడి ఒకే మందు కలిపిన దాణా కొనవద్దు.

ఆ చివరి మాటకు వెంకటరత్నం గారు గొంతు సవరించుకున్నారు.

"మీకు కోపం రాకపోతే ఒకటి అడుగుతానండీ," అంది మార్తమ్మ. "ఆ పురుగు మా షెడ్డుదేనని కాయితం మీద రాశారాండీ?"

"రాశాను. ఊరి పేరుతో సహా."

తల ఊపింది. ఏం తేల్చుకుందో చెప్పలేదు.

ఇంటికి చేరాక

సీసాలు హైదరాబాదు చేరాయి. సుకన్య ఆ విషపు నీళ్ళు వంపి, గుడ్లను కడిగి, ఏ రోగమూ లేని కోడిపిల్లలకు తాగించి చూసింది. ఏడవ రోజుకు వాటి పెంటలో కొత్త గుడ్లు వచ్చాయి. అంటే నేను తెచ్చినవి బతికే ఉన్నాయి. ఆ తరవాత ఆమె రెండు లక్ష్యాలనూ ఆ క్రిమిలో వెదికి, ప్రయోగశాల క్రిమితో పోల్చి చూడడానికి చలికాలమంతా పట్టింది. ఒక మధ్యాహ్నం ఫోను చేసింది.

"చొక్కా మార్చేసుకుంది మేడమ్. మన ప్రయోగశాల క్రిమికీ, ఉంగుటూరు క్రిమికీ పైదానిలో పోలిక చాలా తక్కువ. నేను ఎంచుకున్నదే ముందుకు వెళ్ళి ఉంటే ఆ షెడ్డులో అది పనిచేసేది కాదు."

"నడక?"

"నడక అదే. అచ్చం అదే."

వేసవిలో సంఘం ఆ రెండవ దానికే అనుమతి ఇచ్చింది. బయటి నమూనాలకు ఇకపై ఏటా మనిషిని పంపాలని కూడా రాసుకున్నారట. ఇది ముందే రాసుకోవలసిన సంగతి అని నేను వారికి ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను.

అనుమతి వచ్చిందని తెలిసిన సాయంత్రమే మార్తమ్మకు ఫోను చేశాను. ఫోనులో వెనకనుంచి వందల పిల్లల కిచకిచ వినిపించింది. నేనేమీ అడగకముందే చెప్పింది.

"చెరువు వాళ్ళకి కుదరదని చెప్పేశామండీ. మా ఆయన వారం రోజులు మాట్లాడలేదండీ. ఇప్పుడు ఆయనే తొట్ల చుట్టూ ఊక మారుస్తున్నారండీ."

"టీకా ఈ బ్యాచికి రాదమ్మా. పై బ్యాచికీ రాదు."

"తెలుసండీ, మీరు ఆ రోజే చెప్పారు కదండీ. మా షెడ్డు పురుగుని మీరక్కడ చూస్తుంటే, నేనిక్కడ షెడ్డు తీసేసి చెరువు తవ్వుకుంటే బాగుంటుందాండీ?"

కోళ్ళు అమ్మేశాక మళ్ళీ నమూనా కావాలని, కార్తీకానికి నేనే వస్తానని చెప్పాను.

"రండి. ఈసారి కడగనండీ. ఊడ్వనండీ. ఎక్కడిదక్కడే ఉంచుతానండీ." మళ్ళీ తనే అడిగింది. "కుర్చీ ఒక్కటీ తుడుచుకోవచ్చాండీ?"

కుర్చీ వరకు ఒప్పుకున్నాను.